పేరు అడగని గది

మా అన్న మగ్గం గుంటలో కూచుంటే నడుం పైభాగమే కనిపించేది. కాళ్లు లోపల, చేతులు పడుగు మీద. బడి నుంచి రాగానే నేను పక్కన కూచుని కండెలు చుట్టేదాన్ని. డెబ్బైల నాటి మాట. ధర్మవరంలో మా వీధి పొడుగునా పట్టు మగ్గాలే. పొద్దున ఏ ఇంట్లోంచైనా చప్పుడు రాలేదంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని లెక్క.

అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. నాయనకు చూపు మందగించడంతో పన్నెండేళ్లకే గుంటలో దిగాడు. చీర కొంగు మీద హంసల బారు తీయాలంటే మా వీధిలో అన్ననే చెప్పేవాళ్లు. పనిచేస్తూ ఏదో కూనిరాగం తీసేవాడు. ఆ రాగం నాకిప్పటికీ తెలుసు, కానీ పాడబోతే నోటికి రాదు.

ఇరవై ఏళ్లకే నడుం పట్టేసింది. ఒక పెళ్లి చీర గడువులోగా దింపాల్సి ఉంది. సైకిలు మీద వీధులు తిరుగుతూ సూదులు వేసే ఒకాయన్ను అమ్మ పిలిపించింది. ఆయన సూది వేసిన అరగంటకు నొప్పి పోయింది. ఆ సాయంత్రం అన్న నవ్వుతూ మగ్గం మీద కూచున్నాడు. మేమందరం ఆ సైకిలాయనకు దండం పెట్టాం.

తర్వాత వారానికోసారి, ఆ తర్వాత రోజూ. కొన్నాళ్లకు అన్న తనే వేసుకోవడం నేర్చుకున్నాడు. గాజు సిరంజి, రెండు సూదులు ఒక పౌడరు డబ్బాలో దాచుకునేవాడు. "పాపా, రవ్వన్ని నీళ్లు కాంచిస్తావా?" అని అడిగితే, నేనే చిన్న గిన్నెలో సిరంజి వేసి పొయ్యి మీద ఉడికించి ఇచ్చేదాన్ని. నొప్పి తగ్గే మందే అనుకున్నాం. నొప్పి లేని రోజుల్లో కూడా అది కావాల్సి వస్తోందని మాకు తెలిసేసరికి రెండేళ్లు గడిచాయి.

చివరికి నేతకని యజమాని ఇచ్చిన పట్టు అమ్మేశాడు. నాయన కొట్టలేదు, తిట్టలేదు. మగ్గం మీద చెయ్యి పెట్టి, "ఈ గుంటలో ఇంగ నువ్వు దిగొద్దు" అన్నాడు. అంతే. మర్నాడు పొద్దున అన్న లేడు. పౌడరు డబ్బా కూడా లేదు. నాకప్పుడు పదహారేళ్లు.

నాయన ఆ గుంటలో మరెవర్నీ కూచోనివ్వలేదు. పైన చెక్కలు పరిపించి దాని మీద వేరుశనగ మూటలు వేయించాడు. మా ఇంట్లో రెండో మగ్గం ఉండేది కాబట్టి చప్పుడు ఆగలేదు. కానీ రెండు మగ్గాల చప్పుడుకు అలవాటుపడిన చెవులకు ఒక్క మగ్గం చప్పుడు చాలదు. భోజనం చేస్తూ చేస్తూ అమ్మ హఠాత్తుగా చెయ్యి ఆపేది. ఏమ్మా అంటే, ఏంలేదులే అనేది.

నేను నర్సు శిక్షణకు పోయాను. ఎందుకు ఎంచుకున్నావని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాను. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. సూది పట్టుకున్నవాళ్లంతా ఏదో ఒక రోజు ఏదో ఒక ఆసుపత్రికి రాకుండా పోరని, ఆ ఆసుపత్రిలో నేనుంటే చాలని నా ఆశ.

ఎనభైల్లో సగం దాటాక, తాడిపత్రిలో లారీలు కడుగుతుంటే మా అన్నను చూశానని మా వీధి మనిషి ఒకాయన చెప్పాడు. తాడిపత్రి అంటే రాళ్ల ఊరు. నాపరాళ్లు కోసే చోట్లు, పాలిష్ పట్టే షెడ్లు, వాటిని మోసుకుపోయే లారీలు. అక్కడ లారీలు ఆగే చోటికి దగ్గర్లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ వైద్యశాల నడుపుతోందని, నర్సు కావాలని విన్నాను. జీతమెంతో కూడా అడక్కుండా చేరిపోయాను.

ఆ వైద్యశాలను నడిపే డాక్టరమ్మ సర్కారు కొలువు విరమించినామె. గుంటూరు వైపు మనిషి. పొట్టిగా, చురుగ్గా, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని తిరిగేది. ఆమెతో పాటు నలభై ఏళ్ల నుంచి మందులు కలుపుతున్న కాంపౌండర్ సాహెబు ఉండేవాడు. నన్ను "బేటీ" అనేవాడు. మేం ముగ్గురమే మొత్తం వైద్యశాల. మత్తు మాన్పించే పనికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందని తెలిసి డాక్టరమ్మ దరఖాస్తు పెట్టింది. అది మంజూరైంది. గోడల మీద రాతలకు, ఉపన్యాసాలకు, నాలుగు మంచాలకు, నచ్చజెప్పే మాటలకు ఆ గ్రాంటు. మంజూరు పత్రంతోపాటు షరతుల జాబితా వచ్చింది. మత్తుమందు వాడకానికి తోడ్పడే వస్తువేదీ ఈ నిధులతో కొనరాదు అని అందులో ఒక షరతు.

మేం గోడల మీద రాయించాం. ఉపన్యాసాలిచ్చాం. మంచాలు ఖాళీగా ఉండేవి.

పాలిష్ షెడ్ల వెనక, పగిలిన రాళ్ల గుట్టల మధ్య మనుషులు కూచునేచోటు నాకు కొద్దిరోజుల్లోనే తెలిసింది. రాళ్లు ఎత్తి నడుం విరిగినవాళ్లు, రాత్రింబగళ్లు బండి తోలే డ్రైవర్లు. నలుగురైదుగురికి ఒకటే గాజు సిరంజి. ఒకరు పొడుచుకుని, గ్లాసులో నీళ్లలో ఆడించి, పక్కవాడి చేతికిచ్చేవాళ్లు. ఆ నీళ్లు ఎర్రగా ఉండేవి. నేను చూసింది వాళ్ల ముఖాలు. ప్రతి ముఖంలోనూ మొదట వెతికింది ఒకే పోలిక.

ఆ ఏడాది డాక్టరమ్మ మద్రాసులో ఏదో వైద్యుల సభకు వెళ్లి వచ్చింది. వచ్చిన రోజు సంచి కూడా దింపకుండా మమ్మల్నిద్దర్నీ కూచోబెట్టింది.

"ఎయిడ్స్ అని కొత్త జబ్బు. మన దేశంలోకీ వచ్చేసింది. నెత్తురులో ఉంటుంది. ఒకడికుంటే, వాడి సూది పొడుచుకున్న ప్రతివాడికీ అంటుకోవచ్చు. మందు లేదు. ఏళ్ల తరబడి పైకి ఏమీ కనపడదు" అంది.

నాకు ఆ గ్లాసులో నీళ్లు కళ్ల ముందు ఆడాయి.

"కొత్త సూదులు కొనిద్దాం మేడం" అన్నాను.

ఆమె షరతుల కాగితం తీసి నా ముందు పెట్టింది. కళ్లజోడు కిందికి దించుకుని ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివింది. కాసేపటికి, "ఇదిగో అమ్మాయ్, కొనకూడదని ఉంది. వాళ్ల సూదులు వాళ్లు తెచ్చుకుంటే ఉడకబెట్టి ఇవ్వకూడదని ఎక్కడా లేదు" అంది.

అలా మొదలైంది. వెనక వైపు ఒక చిన్న గది. అందులో పంపు స్టవ్వు, మూత ఉన్న పెద్ద గిన్నె, ఒక బల్ల. ఎవరి సిరంజి వాళ్లు తెచ్చుకుంటే ఇరవై నిమిషాలు మరగనిచ్చి, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఇచ్చేవాళ్లం. సిరంజి లేనివాళ్లకు డాక్టరమ్మ తన పాత పెట్టెలోంచి ఇచ్చింది. నీళ్లు మరిగేలోపు కూచోబెట్టి మాట్లాడేవాళ్లం. మాన్పించే సంగతి నెమ్మదిగా, మూడో నాలుగో రాకలో ఎత్తేదాన్ని. ఖాళీ మంచాల్లోకి మనుషులు రావడం ఆ గది నుంచే మొదలైంది.

నెలల తర్వాత అనంతపురం కార్యాలయం నుంచి ఆక్షేపణ వచ్చింది. కిరసనాయిలు వాడకం గురించి. సంజాయిషీ చెప్పడానికి డాక్టరమ్మ నన్నే పంపింది. ఆమె వెళ్తే కోపం వచ్చేస్తుందట.

ఆ ఫైలు చూసే అధికారి చెడ్డవాడు కాదు. తల నెరిసిన మనిషి. బల్ల మీద మంచినీళ్ల చెంబు, పక్కన ఫైళ్ల దొంతర. నన్ను కూచోమన్నాడు.

"ఏమ్మా, మత్తు మానిపించేదానికి కిరసనాయిలు ఏంటికి?"

చెప్పాను. ఉన్నది ఉన్నట్టు. గ్లాసులో నీళ్ల సంగతి కూడా చెప్పాను.

ఆయన ఫైలు మూశాడు. "అంటే, మానిపించమని మేం దుడ్లిస్తే, వాళ్లు పొడుచుకునేదానికి మీరు సూదులు ఉడకేసి ఇస్తాండారు."

"మానేదాకా బతికుండల్ల గదా సార్."

"ఆ మాట నాకు అర్థమైందమ్మా. ఫైలుకు అర్థం కాదు. ఫైలుకు అర్థమయ్యే మాట ఏదన్నా ఉంటే చెప్పు. నేను రాసిన దానిమీద నా పైన నలుగురు సంతకం పెట్టల్ల."

ఆ మాట ఆ రోజు దొరకలేదు. మళ్లీ వెళ్లాను. మళ్లీ వెళ్లాను. మూడోసారి ఆయనే ఒక పాత ఉత్తర్వు తీసి వేలు పెట్టి చూపించాడు. గ్రాంటు పొందే కేంద్రాల్లో వైద్య పరికరాల శుద్ధికి ఏర్పాటు ఉండాలి అని అందులో ఉంది. ఎవరి పరికరాలో రాయలేదు. "ఇట్ల రాసుకోని రాపో" అన్నాడు. నవ్వలేదు కానీ, చెంబులో నీళ్లు గ్లాసులో పోసి నా వైపు జరిపాడు.

అదొక గండం గడిచిందనుకుంటే రెండోది వచ్చింది. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ గది రిజిస్టరు చూపమన్నారు. రిజిస్టరే లేదు. సహాయం పొందిన ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, సంతకమో వేలిముద్రో ఉంటేగానీ గది నడిచినట్టు కాదన్నారు. ఆ మర్నాటి నుంచి బల్ల మీద రిజిస్టరు పెట్టాం.

మొదట వచ్చినవాడు రాళ్లు కోసే మనిషి. పేరు అడిగితే నా వైపు చూశాడు.

"ఏంటికక్కా? పోలీసోళ్లకిస్తావా?"

"లేదన్నా. గవర్నమెంటు లెక్కకు."

"రెండూ ఒకటే గదా" అని గుడ్డ మూట చంకన పెట్టుకుని పోయాడు. ఆ వారం మరో ముగ్గురు వచ్చి వాకిట్లోంచే తిరిగిపోయారు. తర్వాత వారం ఎవరూ రాలేదు. రాళ్ల గుట్టల వెనక మళ్లీ ఒకటే గ్లాసు. నేను రోజూ స్టవ్వు తుడిచి పెట్టేదాన్ని.

నేను శిక్షణ పొందిన పెద్దాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే విభాగం ఉండేది. అక్కడ చీటీల మీద పేర్లు ఉండవు, నంబర్లే. పేరు రాస్తే రోగి రాడని ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అది గుర్తొచ్చి మళ్లీ అనంతపురం బస్సెక్కాను. ఈసారి ఫైలుకు అర్థమయ్యే మాట నా దగ్గరుంది. అధికారి విన్నాడు. ఆ పద్ధతికి సర్కారు ఉత్తర్వు ఎక్కడుందో వెతికించడానికి ఆయనకు నెల పట్టింది. నేను నాలుగుసార్లు తిరిగాను. చివరికి ఉత్తరం వచ్చింది. వెనక గదికి వచ్చేవాళ్ల పేర్లు అడగనవసరం లేదు, నంబరు చాలు అని. ఆ రోజు డాక్టరమ్మ పాయసం చేయించింది. సాహెబు ఆ ఉత్తరాన్ని అద్దాల చట్రంలో పెట్టించి గదిలో తగిలించాడు, చదువురాని వాళ్లకు చదివి వినిపించేవాడు. "పేరు వద్దు, ఊరు వద్దు, కూచో భాయ్" అనేవాడు.

మనుషులు మళ్లీ వచ్చారు. నాకు గర్వంగానే ఉండేది.

అలా ఎన్ని నెలలు నడిచిందో. ఒక రోజు మరుసటి ఏటి గ్రాంటుకు కాగితాలు ఇవ్వడానికి అనంతపురం వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చాను. సాహెబు బల్ల సర్దుతూ ఆ రోజు విశేషాలు చెప్పసాగాడు.

"కొత్త మనిషి ఒకడు వచ్చినాడు బేటీ. పొడుగు చేతుల చొక్కా. నీళ్లు కాగే దాంకా ఊరికే కూచోలేదు. కిటికీ తెర తాడు తెగి ఉండె గదా, దాన్ని అతికేసినాడు. చూడు, ముడి యాడుందో కనపడదు."

నేను కిటికీ దగ్గరికి వెళ్లి తాడు వేళ్ల మధ్య జరుపుతూ చూశాను. కంటికి కనిపించలేదు. వేలికి తగిలింది. పడుగు పోగు తెగితే నేతగాళ్లు అతికే అతుకు. మా వీధిలో అందరూ కుడివైపు పురి పెడతారు. నాయన ఎడమచేతి వాటం మనిషి, ఎడమవైపు పెడతాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్కడే అలా పెడతాడు.

"ఏమన్నా అడిగినాడా?" అన్నాను.

"నర్సమ్మ యాడికి పోయిందని అడిగినాడు. అనంతపురం పోయిందని చెప్పినా. తలూపి, గుడ్డ మూట తీసుకోని పోయినాడు."

"పేరు?"

సాహెబు నన్ను విచిత్రంగా చూశాడు. గోడ మీద ఉత్తరం వైపు చూశాడు. "పేరు ఏంటికి అడుగుతా బేటీ? నువ్వే గదా వద్దంటివి."

రిజిస్టరు తెరిచాను. నంబరు. దాని పక్కన సాహెబు వంకర చేతిరాతలో "కొత్త మనిషి". అంతే. పదేళ్లు వెతికిన మనిషి నా గదిలో, నా బల్ల ముందు కూచుని పోయాడు. ఒక ఊరి పేరైనా రాసి ఉంటే మర్నాడే బయల్దేరేదాన్ని. నాలుగుసార్లు బస్సెక్కి, కాళ్లరిగేలా తిరిగి, ఆ గడి ఖాళీగా ఉంచడానికి అనుమతి తెచ్చింది నేనే.

ఆ తర్వాతి రోజుల్లో నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. డ్రైవరు ఒకడు సిరంజి ఉడకడానికి ఇచ్చి కూచున్నాడు. లారీలతో తిరిగేవాడు కదా, తెలుస్తుందేమోనని మొదలుపెట్టాను. పొడుగు చేతుల చొక్కా మనిషి ఎవరైనా తెలుసా, ఏ బండి మీద వస్తాడు, నీ బండి ఏది, నీ పేరేమి అని ఒకదాని వెంట ఒకటి అడిగాను. చేతిలో పెన్సిలు ఉందని కూడా చూసుకోలేదు. అతను లేచి నిలబడ్డాడు. గిన్నెలో ఉన్న సిరంజి కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. రెండు రోజుల్లో గది మళ్లీ ఖాళీ.

డాక్టరమ్మకు అంతా చెప్పాను. మా ఇంటి సంగతి ఆమెకు తెలియడం అదే మొదటిసారి. ఆమె తిట్టలేదు.

"నీ అన్న కోసం వీళ్లందరినీ వదులుకుంటావా?" అంది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "వదులుకోవాలని ఉంటుందిలే. నాకైనా ఉంటుంది. కానీ ఆ గదిలో కాదు. బయట వెతుక్కో" అంది.

ఆ డ్రైవరు సిరంజిని నేనే గుడ్డలో చుట్టి లారీల దగ్గరికి తీసుకెళ్లాను. అందరి ముందూ అతని చేతికిచ్చి, "తప్పు చేసినా అన్నా. ఇంగెవర్నీ ఏమీ అడగను" అన్నాను. తర్వాత ఉన్న సంగతి చెప్పాను. "ధర్మవరం నేతగాడు ఒకాయన మా అన్న. మీలో ఎవరికన్నా ఎదురైతే ఒకమాట చెప్పండి. ప్రతి బేస్తవారం పొద్దున నేను కొత్తచెరువు బస్టాండులో ఉంటా. ఇంటికి రమ్మని అడగను. నాయనకు చెప్పను. ఊరికే చూస్తా."

డ్రైవరు మూట తీసుకున్నాడు. "చూస్తాములే అక్కా" అన్నాడు. ఆ మాటలో తెలుసని గానీ తెలియదని గానీ లేదు.

కొత్తచెరువు ఎందుకు చెప్పానంటే, అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్లు తక్కువ. మడకశిర వైపు నుంచి, హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్లకూ వీలు. గురువారం నాకు సెలవు ఇచ్చింది డాక్టరమ్మ. మొదటి గురువారం పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా సిమెంటు అరుగు మీద కూచున్నాను. దిగిన ప్రతి మనిషినీ చూశాను. రెండో గురువారం వాన చినుకు పడింది, మా సీమలో వాన పడితే అందరూ ఆకాశం చూస్తారు, నేను బస్సులే చూశాను. మూడో గురువారం మడకశిర బస్సు దిగి, నేరుగా నా దగ్గరికి వచ్చి, పక్కన కూచున్నాడు.

"పాపా."

చెంపలు లోపలికి పోయాయి. జుట్టు సగం పోయింది. ఎర్రటి ఎండలో పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. కానీ పిలుపు అదే. ఏడవకూడదని ఇంటి నుంచే అనుకుని వచ్చాను. ఏడవలేదు. చెయ్యి మాత్రం పట్టుకున్నాను. తను కాసేపు ఉంచి నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు మా దగ్గరికి వచ్చింటివి గదా అన్నా. నేను లేని దినం."

"నువ్వు లేని దినం చూసుకోనే వచ్చినా. అంతకుముందు మూడుసార్లు ఎదురుంగా టీ అంగడి కాడ కూచోని పోయినా. నువ్వు లోపలికీ బయటికీ తిరుగుతాంటివి. తెల్ల కోకలో అమ్మ మాదిరే ఉండావు."

ఆ మాట నాలో దిగి ఎక్కడో ఆగిపోయింది. మూడుసార్లు. వీధికి అవతల.

"పేరు రాసుకోనింటే నేనే వచ్చి నిన్ను పట్టుకోనుందు" అన్నాను.

అన్న తలాడించాడు. "పేరు అడిగింటే నేను గడపే తొక్కేవాణ్ని కాదు పాపా. మా లారీల కాడ చెప్పుకుంటాండిరి, ఆడ పేరు అడగరంట, ఊరు అడగరంట అని. అందుకే వచ్చినా."

బస్టాండు హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించాను. చిన్నప్పుడు బజ్జీల కోసం నాతో కొట్లాడిన మనిషి. ఉగ్గాని కొంచెం నోట్లో పెట్టుకుని, బజ్జీ సగం కొరికి పక్కన పెట్టాడు. ఆకలి చచ్చిపోయిందన్నాడు. మడకశిర దగ్గర గొర్రెల వ్యాపారి ఒకాయన దగ్గర పని అట. గొర్రెలను లారీలకెక్కించి బెంగళూరు దాకా తోడు పోతాడట. కన్నడం బాగా వచ్చేసిందట.

"నాయన ఎట్ల ఉండాడు?"

"కండ్లు పూర్తిగా పోయినాయి. చేత్తో తడిమి చీర చూస్తాడు. అంచు యాడ తప్పినామో చెప్తాడు."

అన్న నవ్వాడు. నవ్వు ఆగాక, "నా గుంట?" అన్నాడు.

"చెక్కలేసి పెట్టినాడు. ఎవర్నీ దిగనీలేదు."

అన్న చొక్కా గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. నేను మా మంచాల గురించి చెప్పాను. పది రోజులు కష్టంగా ఉంటుంది, నేను పక్కనే ఉంటానన్నాను. చూస్తాంలే అన్నాడు. మందు లేని ఆ కొత్త జబ్బు సంగతి చెప్పి, నెత్తురు పరీక్ష చేయించుకుందాం, డాక్టరమ్మ మద్రాసుకు పంపిస్తుందన్నాను. దానికి మాత్రం గట్టిగా వద్దన్నాడు.

"తెలుసుకోని ఏం చేస్తావు? మందు లేదంటివి గదా. ఒకటి మాత్రం చెప్తా పాపా. మీ కాడికి వచ్చినప్పటి నుంచి నాది నేనే వాడుకుంటాండా. ఎవరికీ ఇచ్చేది లేదు, తీసుకునేది లేదు. ఉడకేసుకుంటాండా. నువ్వు చిన్నప్పుడు కాంచిచ్చినట్ల."

మడకశిర బస్సు వచ్చింది. వచ్చే గురువారం వస్తావా అంటే, వస్తానన్నాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలేదాకా ఇటే చూస్తూ కూచున్నాడు.

తర్వాతి గురువారం రాలేదు. ఆ పై గురువారం కూడా. నేను మాత్రం దాదాపు ఏడాది పాటు వెళ్తూనే ఉన్నాను. ఒకసారి మడకశిరకే వెళ్లి గొర్రెల వ్యాపారి ఇల్లు కనుక్కున్నాను. వానలకు ముందే తుమకూరు వైపు పోయినాడు, మళ్లీ రాలేదని ఆయన భార్య కన్నడంలో చెప్పింది. మంచి మనిషి, మాటలు తక్కువ అంది. నాకు మజ్జిగ ఇచ్చింది. తన గొర్రెల్లో ఒకటి కుంటిదైతే మా అన్న దాన్ని చంకనెత్తుకుని తిరిగేవాడని చెప్పింది. ఆ గొర్రె కనిపిస్తుందేమోనని దొడ్డి వైపు చూశాను. అమ్మేశామంది.

ఆ తర్వాతి గ్రాంటు రాలేదు. అనంతపురంలో ఆ అధికారి బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినాయనకు పాత ఉత్తర్వు నచ్చలేదు. సూదులు శుద్ధి చేయడం ఈ పథకం ఉద్దేశానికి విరుద్ధం అని రెండు వాక్యాల ఉత్తరం రాశాడు. డాక్టరమ్మ గ్రాంటు వదులుకుంది కానీ గది వదులుకోలేదు. ఓపిక ఉన్నన్నాళ్లు తన పింఛనుతో నడిపింది. ఆమె మంచాన పడ్డాక మూసేశాం. సాహెబు స్టవ్వును ఇంటికి తీసుకుపోయాడు. నాకు సర్కారు కొలువు వచ్చింది, వేరే ఊళ్లు తిరిగాను. చాలా ఏళ్లకు సూదులు పంచమని ప్రభుత్వమే చెప్పే రోజులొచ్చాయి. అప్పటికి డాక్టరమ్మ లేదు.

కొత్తచెరువులో అన్నను చూసిన సంగతి మొదట అమ్మకు చెప్పలేదు. తను మళ్లీ వస్తే ఇద్దర్నీ కలుపుదామనుకున్నాను. ఇక రాడని అర్థమయ్యాక, నాయన లేని సమయం చూసి వంటింట్లో చెప్పాను. అమ్మ అంతా విన్నది. ఎట్లున్నాడని అడగలేదు, ఎక్కడున్నాడని అడగలేదు.

"తిన్నాడా?" అంది.

"తిన్నాడు. ఉగ్గాని."

"అంతా తిన్నాడా?"

"అంతా తిన్నాడు."

అప్పటి నుంచి నేను ధర్మవరం వెళ్లినప్పుడల్లా, మేమిద్దరమే ఉన్నప్పుడు, అమ్మ ఆ మాట ఎత్తేది. ఆ పొద్దు ఏం తిన్నాడో చెప్పు అనేది. నేను చెప్పేదాన్ని. మొదట్లో ఉన్నంతే చెప్పేదాన్ని, ఒక్క అబద్ధంతో. ఏళ్లు గడిచేకొద్దీ బజ్జీలు నాలుగయ్యాయి. తర్వాత టీ చేరింది. నాయన పోయిన ఏడాది అమ్మ బాగా డీలా పడిపోతే, నేను ఆమె పక్కన కూచుని, అన్న కారం సరిపోలేదని పచ్చడి అడిగి వేయించుకున్నాడని, ఇంకో ప్లేటు తెప్పించమన్నాడని చెప్పాను. అమ్మ కళ్లు మూసుకుని వింది. "వాడంతే, కారం ఉండల్ల" అంది.